ఎనిమిది అంకె, అసలు మలుపు

ఆదివారం పొద్దున ఆరింటికి హైదరాబాద్ తూర్పు శివారు పీర్జాదిగూడ, బోడుప్పల్ కాలనీల్లో ఇళ్లు లేని ప్లాట్ల మధ్య రోడ్లన్నీ బడులైపోతాయి. కొంచెం అవతల ఉప్పల్ భగాయత్‌లో హెచ్‌ఎండీఏ వేసిన వెడల్పాటి దారులూ అంతే. ఒక బండి, దాని మీద బిగుసుకుపోయి కూర్చున్న పిల్లో పిల్లాడో, పక్కన పరుగెత్తే నాన్నో అన్నో. "క్లచ్ మెల్లగ ఇడువు... జర్ర రేస్ ఇయ్యి... అరే, అంత గాదు!" బండి రెండుసార్లు ఆగిపోతుంది. మూడోసారి ఒక్క గెంతు గెంతి ముందుకు పోతుంది. నేర్పేవాడి ముఖం వెలిగిపోతుంది. అంతలో వీధి చివర మలుపు వస్తుంది. నేర్చుకునేవాళ్లు రెండు కాళ్లూ నేల మీద పెట్టేస్తారు, బండిని నెట్టుకుంటూ తిప్పుకుంటారు, మళ్లీ తిన్నగా వెనక్కి వస్తారు. పాఠం ఎన్ని ఆదివారాలు సాగినా ఆ మలుపు దగ్గర మాత్రం కాళ్లే పని చేస్తాయి.

మన దగ్గర బండి నేర్పడమంటే కదిలించడం నేర్పడమే. తిప్పడం, ఆపడం వాటంతట అవే వస్తాయని నమ్మకం. మా ఇంట్లో నలుగురికి నేను బండి నేర్పాను. మొదటి ముగ్గురికీ సరిగ్గా ఇలాగే నేర్పాను. మూడో మనిషి మా తమ్ముడు. నేర్చుకున్న నెలలోపే కాలనీ మూల మలుపులో ఇసక మీద జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాతే ఈ విషయం మీద నాలుగు రకాల వాదనలు వినడం, చదవడం, నాలుగో మనిషి దగ్గర పరీక్షించి చూడడం మొదలుపెట్టాను. ఆ వాదనల్లో దేనికి ఎంత బలం ఉందో చూడడమే ఇక్కడ నా పని.

అన్నిటికన్నా పాతది సైకిల్ వాదం. సైకిల్ వచ్చినవాడికి బండి వచ్చినట్టే అంటారు పెద్దలు. ఇందులో నిజం చాలానే ఉంది. రెండు చక్రాల వాహనం నిలబడడానికి గిరగిరా తిరిగే చక్రాల బలమే కారణమని చాలాకాలం అనుకున్నారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఆంగ్లేయుడు ఆ బలాన్ని రద్దు చేసే ఇంకో చక్రం బిగించి సైకిల్ తొక్కి చూపించాడు. ఆ బలమూ, ముందు చక్రం హ్యాండిల్ తిరిగే అక్షం కంటే వెనక నేలను తాకే అమరికా రెండూ లేకపోయినా సైకిల్ తనంతట తాను నిలబడగలదని 2011లో సైన్స్ పత్రికలో ఐదుగురు పరిశోధకులు నిరూపించారు. ఎటు పడబోతుంటే హ్యాండిల్ అటు తిరగడమే అసలు గుట్టు. చక్రాలు పడబోయే వైపుకు జరిగి బరువు కిందకు చేరుకుంటాయి. సైకిల్ తొక్కిన పిల్లల చేతులకు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

కానీ ఆ వాదం ఇద్దరిని వదిలేస్తుంది. ఒకరు, సైకిల్ అలవాటుతో బండి ఎక్కిన కుర్రాడు. సైకిల్ పదిహేను కిలోలుంటుంది, ఒళ్లు వంచితే వంగుతుంది, పడబోతే కాలు ఆనించి ఆపొచ్చు. స్ప్లెండర్ నూటపది కిలోలు దాటుతుంది, బుల్లెట్ దగ్గర దగ్గర రెండు వందలు. వంగి పడబోయే బండిని కాలితో ఆపబోతే చీలమండ పోతుంది. రెండోవారు, సైకిల్ అలవాటే లేనివాళ్లు. మా చుట్టుపక్కల ముప్పయ్యో నలభయ్యో ఏట బండి నేర్చుకోవాలనుకునే ఆడవాళ్లలో చాలామంది ఈ కోవలోనే ఉన్నారు. ఆరో ఏడో తరగతిలోనే సైకిల్ మాన్పించారు, లేదా అసలు ఇంట్లో అన్నదమ్ములకు తప్ప కొనలేదు. వాళ్లను ఒకేసారి స్కూటీ మీద కూర్చోబెట్టి "భయపడకు" అంటే భయం పోదు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టుకు బస్సు మారి మారి పోయే మనిషికి బండి వస్తే రోజులో గంట మిగులుతుంది. ఆ గంట విలువ తెలిసే వాళ్లు ఆ వయసులో సిద్ధపడుతున్నారు. అలాంటివాళ్లకు మొదటి పాఠం ఇంజన్ ఆపి చెప్పాలి. కొద్దిపాటి వాలున్న రోడ్డు మీద, సీటు మీద కూర్చుని, కాళ్లతో నేలను తోసుకుంటూ దొర్లాలి. కాళ్లు నేలకు అంగుళం ఎత్తున తేల్చి ఉంచాలి. అరగంటలో చేతులకు బ్యాలెన్స్ తెలుస్తుంది. మా అక్కకు నలభై రెండేళ్లప్పుడు ఇలాగే మొదలుపెట్టాను. మొదటి రోజు తాళం చెవి నా జేబులోనే ఉంది. నేను నేర్పినవాళ్లలో ఒక్కసారి కూడా పడనిది ఆవిడే. పడితేనే బండి వస్తుందన్న మాట అప్పటినుంచి నాకు రుచించదు.

ఈ అవసరాన్ని గుర్తించి పనిచేసినవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. 2018లో జై భారతి మరో ముగ్గురు మహిళలతో కలిసి మోటారు సైకిళ్ల మీద ఆగ్నేయాసియా దేశాల మీదుగా 17 వేల కిలోమీటర్లు తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఆమె నెలకొల్పిన మోవో సంస్థ ఆడవాళ్లకు ద్విచక్రవాహనం నడపడం నేర్పుతోంది. ఆడవాళ్లకు ఆడవాళ్లే నేర్పుతుంటే, ఇంటి మగవాడి అరుపుల మధ్య నేర్చుకోవాల్సిన బాధ తప్పుతుంది. అరుపు విన్న చెయ్యి బిగుస్తుంది. యాక్సిలేటర్ ఉన్నదీ ఆ చేతిలోనే.

అక్కడినుంచే రెండో వాదంలోకి వెళ్లొచ్చు: ముందు స్కూటీ, తర్వాత గేర్ల బండి. 2001లో యాక్టివా వచ్చాక ఇది ఇంటింటి పద్ధతి అయిపోయింది. క్లచ్ లేదు, గేరు లేదు, కాళ్లకు పని లేదు, చూపంతా రోడ్డు మీద పెట్టొచ్చు. ఇది మంచి దారే. అయితే దానికీ ఒక గుంట ఉంది. గేర్ల బండిలో కంగారు పడితే క్లచ్ పట్టేస్తే చాలు, ఇంజన్‌కూ చక్రానికీ లంకె తెగిపోతుంది. స్కూటీలో ఆ వీలు లేదు. భయపడ్డ కుడి చెయ్యి గ్రిప్పును బిగిస్తుంది, ఒళ్లు వెనక్కి పోతుంది, మణికట్టు కిందికి వాలుతుంది, రేస్ పెరుగుతుంది. మా కాలనీలో గేట్లకూ గోడలకూ కొట్టుకున్న స్కూటీలన్నీ నేను చూసినంతలో ఇలా పోయినవే. అందుకే స్కూటీ మీద మొదటి గంట నేర్పాల్సింది పోవడం కాదు. మణికట్టు కొంచెం కిందికి దించి గ్రిప్పు పట్టుకోవాలి, అప్పుడు బిగిసినా ఇంకా తిరగడానికి చోటుండదు. రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు మీద ఉండాలి. చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. గేరు లేని బండికి తీసుకున్న లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు. పదహారేళ్లకు పెద్దల అంగీకారంతో దొరికేది 50 సీసీ లోపు గేరు లేని బండికే. మన వీధుల్లో పదోతరగతి పిల్లలు నడిపే స్కూటీలేవీ ఆ కొలతలోకి రావు. 2019 సవరణ తర్వాత పిల్లాడికి బండి ఇచ్చిన తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడొచ్చు.

క్లచ్ గురించి ఎక్కువ చెప్పను, దాన్ని నేర్పడం మనవాళ్లకు బాగానే వచ్చు. ఒక్కటి మాత్రం. మొదటి గేరులో రేస్ ఇవ్వకుండా, క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదులుతూ బండిని మనిషి నడకలా నడిపించడం పదిసార్లు చేయించాలి. ఎక్కడ బండి పట్టుకుంటుందో, ఎక్కడ వదులుతుందో వేళ్లకు తెలియాలి. ఆ హాఫ్ క్లచ్చే తర్వాత మలుపులో ప్రాణం. గేర్ల అమరిక బండిబండికీ మారుతుందని కూడా చెప్పాలి. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకు నొక్కడమే. పల్సర్‌లో ఒకటి కిందికి, మిగతావి పైకి. పాత బుల్లెట్‌లో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్ప్లెండర్ మీద నేర్చుకుని స్నేహితుడి పల్సర్ అడిగి తీసుకున్నవాడు మలుపులో పై గేరు అనుకుని మొదటి గేరులోకి నొక్కితే వెనక చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది.

మూడోది పరీక్ష వాదం. లైసెన్సు పరీక్షకు వెళ్లేవాళ్లందరి నోటా ఒకటే మాట, "ఎనిమిది వేయాలె". నాగోలు ట్రాక్ పేరు చెప్పగానే సగం మందికి గుర్తొచ్చేది ఆ అంకే. ఎనిమిదిని నేను తక్కువ చేయను. కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేయగలిగినవాడికి నిజంగా కొంత వచ్చినట్టే. అందులో ఉన్న పని ఇది: మొదటి గేరు, హాఫ్ క్లచ్, సమంగా పట్టుకున్న కొద్దిపాటి రేస్, వెనక బ్రేకు మీద ఈక బరువంత కాలు. ముందు బ్రేకు జోలికి వెళ్లకూడదు, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు అది పడితే బండి ఉన్నచోటే కూలుతుంది. బండిని లోపలికి వంచి, ఒంటిని కొంచెం బయటికి పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, తల. ముందు చక్రాన్ని చూస్తే ఎనిమిది రాదు. గడ్డం భుజం మీదికి తిప్పి, తర్వాతి సున్నా ఎక్కడ మొదలవుతుందో అక్కడ చూడాలి. చూపు ఎటుంటే చేతులు అటు తిప్పుతాయి. గుంట వైపే చూస్తూ గుంటలో పడ్డవాళ్లను మనందరం చూశాం.

ఎనిమిదిలో లేనిది వేగం. అక్కడ బండి గంటకు పది కిలోమీటర్లు దాటదు. ఆ వేగంలో హ్యాండిల్ ఎటు తిప్పితే బండి అటు పోతుంది. ఇరవై, పాతిక దాటాక లెక్క మారుతుంది, ఈ సంగతి ఏళ్ల తరబడి నడిపేవాళ్లలో కూడా ఎక్కువమందికి తెలియదు. ఎడమకు తిరగాలంటే ఎడమ చేతితో గ్రిప్పును కొంచెం ముందుకు నెట్టాలి. అంటే చక్రం ఒక్క క్షణం కుడికి తిరగాలి. దాంతో బండి కింద చక్రాలు కుడికి జరుగుతాయి, బండి ఎడమకు వాలుతుంది, వాలిన బండి ఎడమకు తిరుగుతుంది. విమానం కనిపెట్టకముందు సైకిళ్ల దుకాణం నడిపిన విల్బర్ రైట్ దీన్ని గమనించాడు. ఎడమకు ఎలా తిరుగుతారని డజన్ల మందిని అడిగితే, ముందు కుడికి తిప్పుతామని వెంటనే ఒక్కరూ చెప్పలేకపోయారట. అందరూ చేస్తున్నది మాత్రం అదే. తెలియకుండా చేసే పని మామూలు రోజుల్లో నడుస్తుంది. ఆటో అడ్డమొచ్చిన క్షణంలో నడవదు. అప్పుడు భయపడ్డ మనిషి తప్పించుకోవాల్సిన వైపుకే హ్యాండిల్ లాగుతాడు, బండి ఎదురువైపు వాలుతుంది. అందుకే ఖాళీ రోడ్డు మీద ముప్పై వేగంలో ఎడమ గ్రిప్పు నెట్టి ఎడమకు, కుడి గ్రిప్పు నెట్టి కుడికి, మెల్లగా పాములా పోవడం నేర్పాలి. మా అక్క ఇది మొదటిసారి చేసినప్పుడు బండి ఆపి, "ఇదేందిరా, ఉల్టా పోతుంది" అంది. ఐదోసారికి నవ్వుతూ చేసింది.

మలుపులో వాలు ఎంత ఉండాలన్నది ఊహ కాదు, లెక్క. మన కాలనీ మూలల్లో బండి తిరిగే వంపు ఐదు మీటర్ల వ్యాసార్ధం అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే దాదాపు 32 డిగ్రీలు వాలాలి. 15కు తగ్గిస్తే 20 డిగ్రీలు చాలు. వేగం పావు వంతు తగ్గితే వాలు మూడో వంతుకు పైగా తగ్గింది. మా తమ్ముడు జారిన మూల మీద ఆరోజు ఎవరో ఇల్లు కడుతూ పోసిన ఇసక ఉంది. ఇసక మీద ఏ టైరూ 32 డిగ్రీలు ఓర్చుకోదు. కాబట్టి వేగం తగ్గించడమంతా మలుపుకు ముందే, బండి నిట్టనిలువుగా ఉండగానే అయిపోవాలి. తిరుగుతూ ఉండగా బ్రేకు వేస్తే టైరుకున్న పట్టులో కొంత బ్రేకు తినేస్తుంది, మిగిలినది వాలుకు చాలదు. ముందు తగ్గించు, తిరిగే దారి చివర చూడు, నెట్టు, రేస్ సమంగా పట్టి ఉంచు. ఈ వరస పెదవుల మీద నిలిచేదాకా చెప్పించాలి.

బ్రేకు దగ్గర మనవాళ్లు నేర్పే తప్పు పాఠం ఒకటుంది. "ముందు బ్రేక్ పట్టకు, ఎగిరి పడ్తవ్." బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, అందుకే ఆపే శక్తిలో ఎక్కువ భాగం దానిదే. 40 వేగంలో, చేతికి బుర్ర చెప్పే ఒక్క సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. ఆ తర్వాత రెండు బ్రేకులూ బాగా వేస్తే పొడి రోడ్డు మీద తొమ్మిది పది మీటర్లలో ఆగుతుంది. వెనకదొక్కటే అయితే దానికి రెండింతలు కావాలి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బళ్లలో 125 సీసీ దాటినవాటికి బ్రేకు గట్టిగా వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్, ఆ లోపువాటికి కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. మన వీధుల్లో నేర్చుకునే బళ్లు మాత్రం నాన్న పాత స్ప్లెండర్లు, మామయ్య వాడి ఇచ్చిన స్కూటీలు. వాటిమీద చేతులే ఏబీఎస్ కావాలి. ముందు బ్రేకును గుంజకూడదు, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాలి.

నాలుగోది శిక్షణ వాదం. బడులు పెట్టి నేర్పితే ప్రమాదాలు తగ్గుతాయంటారు. లాస్ ఏంజెలెస్‌లో తొమ్మిది వందల మోటారు సైకిల్ ప్రమాదాలను అక్కడికక్కడ పరిశీలించిన హ్యారీ హర్ట్ 1981లో ఇచ్చిన నివేదిక దీనికి పెద్ద ఆధారం. ప్రమాదాల్లో పడ్డవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంటివాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. వెనక బ్రేకును అతిగా తొక్కి చక్రం జార్చుకోవడం, ముందు బ్రేకును వాడకపోవడం, పక్కకు తప్పించడం రాకపోవడం కూడా ఆయన చూశాడు. చదువుతుంటే మన కాలనీలనే వర్ణించినట్టుంటుంది. కానీ నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. శిక్షణ ప్రమాదాలను తగ్గిస్తుందా అని 23 అధ్యయనాలను జల్లెడ పట్టిన 2010 నాటి కోక్రేన్ సంస్థ సమీక్ష, తగ్గిస్తుందనీ తగ్గించదనీ గట్టిగా చెప్పలేకపోయింది. అదే సంస్థ హెల్మెట్ మీద చేసిన సమీక్షలో ఈ తడబాటు లేదు. హెల్మెట్ మరణ ప్రమాదాన్ని 42 శాతం, తలకు దెబ్బ తగిలే ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుంది. 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్రవాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. కాబట్టి ఖాళీ వీధిలో, ఇంటి ముందే, పది నిమిషాల పాఠానికైనా హెల్మెట్ బకిల్ పెట్టాకే తాళం చెవి ఇవ్వాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఆ రెండు సమీక్షలనూ పక్కపక్కన పెట్టి నేను తీసుకున్న అర్థం, శిక్షణ ఉందా లేదా అన్నది సరైన ప్రశ్న కాదని. ఏం నేర్పుతున్నారన్నదే ప్రశ్న. ధైర్యం మాత్రమే పెంచే పాఠం కుర్రాడి వేగాన్ని కూడా పెంచుతుంది. కొన్ని దేశాలు దీన్ని పరీక్షలోనే పెట్టాయి. బ్రిటన్‌లో 2009 నుంచి ఎనిమిది వేయడంతోపాటు గంటకు 50 కిలోమీటర్ల వేగంలో అడ్డంకిని తప్పించడం, గబుక్కున ఆపడం చేసి చూపించాలి. జపాన్‌లో 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న పలక మీద మధ్యస్థాయి బండి లైసెన్సుకు ఏడు సెకన్లకు తగ్గకుండా నెమ్మదిగా నడపాలి. తొందరగా దాటితే మార్కులు పోతాయి. నిదానాన్ని కొలిచే ఆ పరీక్ష నాకు చాలా నచ్చింది. ఆ పలకను పీర్జాదిగూడలో చాక్‌పొడితో గీసుకోవచ్చు.

చివరికి అందరూ వెళ్లి పడాల్సింది వరంగల్ హైవే మీదే. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి మేడిపల్లి వైపు వచ్చే ఈ 163వ నంబరు జాతీయ రహదారి మీద, 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని ఏళ్ల తరబడి సాగింది. ఆరు కిలోమీటర్లకు పైగా స్తంభాలు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు స్తంభం అంటే గోడే. యూటర్న్ దగ్గర ఆగినప్పుడు ఎదురుగా వచ్చే లారీ, నీళ్ల ట్యాంకరు దాని వెనక దాక్కుని ఉంటాయి. కెనరా నగర్ దగ్గర యూటర్న్ తీసుకోవడానికి నేను నేర్పే పద్ధతి నెమ్మదైనది: ముందు చక్రం స్తంభం అంచు దాటేదాకా నడక వేగంలో రావాలి, ఆగాలి, ఎడమా కుడీ చూడాలి, రాంగ్ రూట్‌లో వచ్చే బండి కోసం మూడోసారి కూడా చూడాలి. తర్వాత హాఫ్ క్లచ్, వెనక బ్రేకు, తల భుజం మీదికి. ఎనిమిదిలో సగం అదే కదా. వెనకాల హారన్ కొట్టేవాడికి కొత్తవాళ్లు బదులు చెప్పనక్కర్లేదు. ఎడమ మలుపుల్లో అంచున పేరుకున్న కంకర, వానాకాలం మ్యాన్‌హోల్ మూతలు, జీబ్రా గీతల రంగు, ఇవన్నీ టైరు పట్టు తగ్గే చోట్లు. ఇండికేటరు దానంతట అది ఆగదు, తిరిగాక బొటనవేలితో ఆపాలి. చాలామంది కిలోమీటరు దాకా దాన్ని కొట్టుకుంటూ పోతారు, వెనకవాడు నమ్మి దెబ్బ తింటాడు.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు గడిచాకే పరీక్షకు వెళ్లొచ్చు. ఆ నెల రోజులను చట్టం నేర్చుకోవడానికే ఇచ్చింది. ఎల్ బోర్డు ఉండగా వెనక కూర్చోగలిగేది లైసెన్సు ఉండి నేర్పే మనిషి ఒక్కరే, స్నేహితుడు కాదు. కానీ ఎక్కడ నేర్చుకోవాలి? మా దగ్గర ఖాళీ ప్లాట్లు ఏడాదికేడాది అపార్టుమెంట్లవుతున్నాయి. 2019లో నగరపాలక సంస్థ అయిన పీర్జాదిగూడకు పార్కులున్నాయి, ఓపెన్ జిమ్‌లున్నాయి. ఇరవై మీటర్ల వెడల్పు, నలభై మీటర్ల పొడవున్న చదునైన జాగా ఒకటి, తెల్ల గీతలు, ఆదివారం పొద్దున మూడు గంటలు గేటు తెరిచి ఉంచే మనిషి, ఇంతకన్నా పెద్ద ఖర్చేమీ లేదు. నాచారం, మల్లాపూర్ వైపు ఆదివారాలు మూతపడి ఉండే బడి మైదానాలున్నాయి. అడిగితే ఇస్తారేమోనని నేను ఒకచోట అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

ఈలోగా మా వీధి చివరే సరిపెట్టుకుంటున్నాం. నాలుగు లీటరు నీళ్ల సీసాల్లో ఇసక నింపి ఐదేసి అడుగుల దూరంలో పెట్టాం. మొన్న ఆదివారం మా మేనకోడలు మొదటిసారి వచ్చింది. మూడో సీసా దాకా చక్రాన్నే చూసి మూడోదాన్ని పడేసింది. "సీసను గాదమ్మా, ఆ వేపచెట్టును చూడు" అంది మా అక్క రోడ్డు అవతలి నుంచి. పిల్ల తల పైకెత్తి చెట్టు వైపు చూస్తూ మళ్లీ బయల్దేరింది.